తాకితే వెలిగే నీళ్ళు

వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 16:22–40
కలిపి చదవవలసినవి: 1 రాజులు 19:1–8; యెషయా 42:1–4

నేటి తలంపు: శ్రమలో ఉన్నవారి వెలుగును చూసి దేవుణ్ణి స్తుతించే మనం, వారి గాయాలను కూడా కడగాలి.

ధ్యానం

కరీబియన్ సముద్రంలో ప్యూర్టో రికోకు తూర్పున వియెకెస్ అనే చిన్న ద్వీపం ఉంది. దాని దక్షిణ తీరంలో ఎస్పెరాన్సా అనే ఊరికి దగ్గరగా, మడ చెట్ల నడుమ ఒదిగి ఒక చిన్న అఖాతం ఉంది. దాని పేరు మస్కిటో బే. పగటివేళ చూసినవారికి అందులో వింతేమీ కనిపించదు. చంద్రుడు లేని రాత్రి మాత్రం తెడ్డు తగిలిన చోటల్లా నీరు నీలిరంగులో వెలుగుతుంది. చేప కదిలితే దాని దారి పొడవునా వెలుగు గీత పడుతుంది. ఇలా వెలిగే అఖాతాలన్నిటిలోకీ కాంతిమంతమైనదిగా గిన్నిస్ సంస్థ దీన్ని గుర్తించింది.

అక్కడికి గైడు వెంట కయాక్‌లలో వెళతారు. చీకటి పడ్డాక వ్యాన్లలో గతుకుల మట్టిదారి మీదుగా ఒడ్డుకు చేరుస్తారు. లైఫ్ జాకెట్లు తొడిగించి, ఇద్దరేసి చొప్పున కయాక్‌లలో కూర్చోబెడతారు. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులు ఇందుకు మంచివి. పౌర్ణమి దగ్గరపడితే చాలామంది గైడ్లు యాత్రలే ఆపేస్తారు. బయలుదేరే ముందు వాళ్ళు చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ‘వద్దు’లే. ఒంటికి దోమల మందు రాసుకుని రావద్దు. టార్చి వేయవద్దు. నీళ్ళలోకి దిగవద్దు. మనుషుల ఒంటి మీద ఉండే మందులూ నూనెలూ నీటిలో కలిసి అక్కడి జీవులకు హాని చేస్తాయి కాబట్టి ఆ అఖాతంలో ఈత నిషేధించారు.

అమెరికాలో ఉంటున్న మా పిల్లలతో కలిసి నేనూ ఒక చీకటి రాత్రి ఆ నీళ్ళ మీదికి వెళ్ళాను. ముందు వెళుతున్న కయాక్ వెనకాల వెలుగు చాళ్ళుగా విడిపోతోంది. తెడ్డు పైకెత్తితే దాని అంచు నుంచి జారే చుక్కలు మిణుగురు పురుగుల్లా మెరిసి ఆరిపోతున్నాయి. “స్తోత్రం ప్రభువా” అనకుండా ఉండలేకపోయాను. అప్పుడు గైడు మా అందరినీ దగ్గరికి పిలిచి నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. “మీకు ఇంత అందంగా కనిపిస్తున్నది వాటికి ఆపద. మనం తగిలినందుకే అవి ఇలా వెలుగుతున్నాయి. అందుకని తెడ్డు మెల్లగా వేయండి.” ఈనాటి ధ్యానానికి నన్ను నడిపించింది ఆ మాటే.

ఆ వెలుగు ఎక్కడిదో కాస్త తెలుసుకుందాం. మస్కిటో బే నీటిలో పైరోడినియం బహామెన్స్ అనే ఏకకణ జీవులు లక్షలుగా ఉంటాయి. సుమారు పాతిక కణాలను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు పొడవు వస్తుంది. అంత చిన్నవి. పగలంతా అవి మొక్కల్లాగే సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకుంటాయి. రాత్రి నీరు కదిలి కణం గోడ మీద ఒత్తిడి పడగానే లోపల ఒక విద్యుత్ సంకేతం పరుగెడుతుంది. వెలుగును పుట్టించే అతిచిన్న సంచుల్లో ఆమ్లత్వం ఒక్కసారిగా పెరుగుతుంది. లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసి కాంతిని విడుదల చేస్తుంది. ఇదంతా సెకనులో పదోవంతు పాటు ఉండే ఒక్క మెరుపు.

ఎందుకు మెరుస్తాయి? కోపిపాడ్‌లనే చిన్న జీవులు వీటిని తింటాయి. తినడానికి వచ్చిన జీవి ఆ మెరుపుకు బెదిరి వెనక్కి తగ్గవచ్చు. లేదా ఆ వెలుతురులో బయటపడి, తనకన్నా పెద్ద చేపకు దొరికిపోవచ్చు. శాస్త్రవేత్తలు దీన్ని దొంగ వచ్చినప్పుడు మోగే అలారంతో పోలుస్తారు. ఆ మెరుపుకు ఖర్చు ఉంది. మళ్ళీ మళ్ళీ కదుపుతూ పోతే వెలుగు తగ్గిపోతుంది. తరిగినది తిరిగి నిండాలంటే వాటికి పగలు కావాలి, ఎండ కావాలి, కదలిక లేని సమయం కావాలి.

ఈ దృశ్యం చూసిన విశ్వాసి మనసులో మొదట మెదిలే సత్యం ఒకటుంది. దేవుని బిడ్డ శ్రమలో వెలుగుతాడు. ఇది గట్టి సత్యం. బైబిలంతా దీనికి సాక్ష్యం చెబుతుంది. ఫిలిప్పీ పట్టణంలో పౌలునూ సీలనూ బట్టలు చింపి బెత్తాలతో కొట్టారు. లోపలి చెరసాలలో వేసి కాళ్ళకు బొండ బిగించారు. ఆ అర్ధరాత్రి వాళ్ళు ప్రార్థిస్తూ పాటలు పాడారు. తోటి ఖైదీలు చెవులు నిక్కించి విన్నారు. ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. దెబ్బలు తిన్న వీపులతో పాడిన ఆ పాట సంఘాన్ని ఈనాటికీ బలపరుస్తోంది.

అయితే లూకా పాటతో కథ ముగించలేదు. పాట తరువాత భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, చెరసాల నాయకుడు వణుకుతూ వచ్చి రక్షణ మార్గం అడిగాడు. అప్పుడతను చేసిన పనిని గమనించండి. ఆ రాత్రి ఆ గడియలోనే వాళ్ళను తీసుకెళ్ళి గాయాలు కడిగాడు. ఆ తరువాతే అతనూ అతని ఇంటివారూ బాప్తిస్మం పొందారు. తరువాత ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడు. వాళ్ళను లోపలి గదిలోకి తోసినవాడు అతనే, బొండ బిగించినవాడు అతనే. క్రీస్తును నమ్మిన ఆ రాత్రి అతని చేతులు చేసిన మొదటి పని గాయం కడగడం. ఆ ఇద్దరి విశ్వాసాన్ని పొగుడుతూ అతను తెల్లవార్లూ కూర్చోవచ్చు. ఇంకో పాట పాడమని అడగవచ్చు. కానీ అతను నీళ్ళు తెచ్చాడు.

తెల్లవారాక జరిగిన సంగతిని మనం మరింత తక్కువగా ధ్యానిస్తాం. న్యాయాధిపతులు బంటులను పంపి వాళ్ళను వదిలేయమన్నారు. పౌలు కదలలేదు. విచారణ లేకుండా రోమా పౌరులైన తమను అందరి ముందూ కొట్టించి, ఇప్పుడు చాటుగా పంపించేస్తారా అని అడిగాడు. వాళ్ళే స్వయంగా వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. వాళ్ళు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. అర్ధరాత్రి పాడిన పౌలు ఉదయం న్యాయం అడిగాడు. దేవుడు ఆ దెబ్బల్లోంచి వెలుగు తీసినంత మాత్రాన కొట్టిన బెత్తం మంచిదైపోదు. పాటలోని మహిమ దేవునిది. దెబ్బలకు జవాబుదారులు మాత్రం కొట్టినవాళ్ళే. ఈ రెండు మాటలనూ పౌలు ఒకే రోజులో తన బతుకుతో చెప్పాడు.

ఇప్పుడు మన ఇళ్ళవైపు, మన సంఘాలవైపు చూద్దాం. మంచాన పడిన అత్తగారికి సంవత్సరాల తరబడి సేవ చేస్తున్న కోడలు కూడికలో లేచి సాక్ష్యం చెబుతుంది. దేవుని కృప చాలినదని కన్నీళ్ళతో అంటుంది. మనం ఆమేన్ అంటాం, ఆమె విశ్వాసానికి దేవుణ్ణి స్తుతిస్తాం, ప్రార్థన ముగించుకుని ఇంటికి పోతాం. మర్నాడు ఆమె మళ్ళీ ఒంటరిగా ఆ మంచం పక్కనే ఉంటుంది. ఒక్క పూట వెళ్ళి ఆ మంచం దగ్గర కూర్చుంటే ఆమె కాసేపు పడుకోగలదు. ఉపవాస కూడిక జరిగిన ప్రతిసారీ వచ్చినవారందరికీ వంట చేసే పాస్టరమ్మగారు ఎప్పుడూ నవ్వుతూనే కనిపిస్తారు. ఆమె ఎప్పుడు కూర్చుని వాక్యం విన్నారో ఎవరైనా ఆలోచించారా? కువైట్‌లో ఇంటిపని చేస్తూ గోదావరి జిల్లాల్లోని ఇంటికి డబ్బు పంపే అక్క ఫోనులో ఎప్పుడూ ధైర్యంగానే మాట్లాడుతుంది. “నువ్వు చాలా గట్టిదానివి అక్కా” అని మనం మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు తరువాత ఇంకో అవసరం చెబుతాం.

వీళ్ళు వెలుగుతున్న మాట నిజం. ఆ వెలుగు దేవుడు ఇచ్చినదేనన్నదీ నిజం. కానీ వాళ్ళు వెలుగుతున్నారు కదా అని మన బరువు ఇంకాస్త వాళ్ళ మీద మోపడం క్రీస్తు పద్ధతి కాదు. మస్కిటో బే దగ్గర గైడు నేర్పే మర్యాద మన ఇంట్లోనూ పనికొస్తుంది. వెలుగు కనిపించిన చోట తెడ్డు మెల్లగా వేయాలి. అవతలి మనిషి ఎందుకు వెలుగుతున్నాడో, ఏ ఒత్తిడి అతని మీద పడిందో, అందులో మన చెయ్యి ఎంతవరకు ఉందో అడగాలి.

ఆ అఖాతంలో వెలుగు నిలవడానికి దేవుడు చేసిన ఏర్పాటు చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. సముద్రంలోకి దాని ద్వారం ఇరుకు. ఆ ఇరుకు వల్ల ఆ సూక్ష్మజీవులు పెద్ద అలలకు కొట్టుకుపోకుండా లోపలే ఉంటాయి. ఒడ్డు చుట్టూ ఎర్ర మడ చెట్లు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిని చూసినవారికి నీళ్ళలోకి దిగి అల్లుకుపోయే ఆ వేళ్ళు తెలుసు. మడ చెట్లు ఒడ్డు మట్టి కరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. వాటి ఆకులు నీళ్ళలో రాలి కుళ్ళుతాయి. ఆ కుళ్ళులో బతికే బ్యాక్టీరియా నుంచి బి12 విటమిన్ లాంటి పోషకాలు ఆ జీవులకు అందుతాయి. మడ చెట్టు తాను వెలగదు. రాత్రి యాత్రకు వచ్చినవారు దాని వైపు చూడరు, చీకట్లో అది కనిపించదు కూడా. అయినా అది లేకపోతే అక్కడ ఆ వెలుగు లేదు. సంఘంలో ప్రతి ఒక్కరూ వేదిక మీద నిలబడి సాక్ష్యం చెప్పనక్కరలేదు. సాక్ష్యం చెప్పేవారి చుట్టూ వేళ్ళు దింపి నిలబడేవారు కూడా దేవునికి కావాలి. ఒకరి బిడ్డలను ఓ గంట చూసుకోవడం, ఒకరి ఆస్పత్రి బిల్లులో కొంత కట్టడం, ఒకరి మీద చెప్పుకునే మాటను ముందుకు పోనివ్వకుండా అక్కడే ఆపడం అలాంటి సేవలు.

ప్యూర్టో రికోలోనే లా పర్గేరా అనే చోట ఇలా వెలిగే అఖాతం మరొకటి ఉంది. అక్కడ మోటారు పడవలు తిరిగాయి, ఒడ్డున కట్టడాలు పెరిగాయి, మనుషులు నీళ్ళలో దిగి ఈదారు. దాని వెలుగు మునుపటికన్నా తగ్గింది. వెలుగును ఇష్టపడి వచ్చినవాళ్ళే దాన్ని తగ్గించారు. మంచి మనసుతో వచ్చినవాళ్ళ వల్ల కూడా అలసట కలుగుతుందని సేవలో ఉన్నవారికి తెలుసు. ఏ వేళ అంటే ఆ వేళ తలుపు తట్టేవాళ్ళు, అయ్యగారి ప్రార్థన అంటే తమకెంత ఇష్టమో చెబుతూనే ఆయన నిద్రపోయే గంటను తీసేసుకునేవాళ్ళు మన మధ్య ఉన్నారు. మన ప్రేమకు కూడా ఒక హద్దు పెట్టుకోవడం ఆత్మ ఫలాల్లో ఒకటైన ఆశానిగ్రహం కిందికే వస్తుంది.

వియెకెస్ మనుషులకు నలగడమంటే ఏమిటో బాగా తెలుసు. 1941 నుంచి అమెరికా నౌకాదళం ఆ ద్వీపంలో సగానికి మించిన భూమిని తీసుకుంది. కుటుంబాలను ఖాళీ చేయించింది. ద్వీపం తూర్పు కొసన దశాబ్దాలపాటు బాంబులు వేసి అభ్యాసం చేసింది. 1999 ఏప్రిల్ 19న గురి తప్పిన బాంబులకు అక్కడ కాపలా పని చేసే డేవిడ్ సానెస్ రోడ్రిగెస్ అనే స్థానికుడు చనిపోయాడు. ఆ తరువాత ప్రజలు ఆ బాంబుల నేలలోనే గుడారాలు వేసుకుని కూర్చున్నారు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ సంఘాలవారు వచ్చి వాళ్ళతో పాటు కూర్చున్నారు. చాలామంది అరెస్టయ్యారు. 2003 మే 1న నౌకాదళం అక్కడి నుంచి వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో విశ్వాసులు ఆ ప్రజల ఓర్పును దూరం నుంచి పొగిడి ఊరుకోలేదు. వచ్చి పక్కన కూర్చున్నారు. ఫిలిప్పీలో ఉదయం పౌలు అడిగిన న్యాయాన్ని వాళ్ళు కూడా అడిగారు.

మరో సంగతి. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టో రికోను చీల్చుకుంటూ పోయింది. వియెకెస్ మీద గాలులు విరుచుకుపడ్డాయి. మడ చెట్ల ఆకులన్నీ ఊడిపోయాయి. కుండపోత వాన నీరు అఖాతంలో కలిసింది. తరువాత నెలల తరబడి మస్కిటో బే వెలగలేదు. యాత్రలు ఆగిపోయాయి. వెలుగు ఇక రాదేమోనని భయపడ్డవాళ్ళు ఉన్నారు. కానీ 2018లో ఆ నీళ్ళు మళ్ళీ వెలగడం మొదలుపెట్టాయి. మునుపటికన్నా కాంతిగా ఉన్నాయని అక్కడివారు సంతోషంగా చెప్పుకున్నారు. చీకటిగా ఉన్న ఆ నెలల్లో అఖాతం చచ్చిపోలేదు. అది కోలుకుంటోంది.

ఇక్కడ ఏలీయా గుర్తొస్తాడు. కర్మెలు కొండ మీద అగ్నిని దింపిన ప్రార్థనాపరుడు ఆ తరువాత అరణ్యంలో బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నాడు. యెజెబెలు బెదిరింపు అతన్ని అంతగా నలిపింది. అప్పుడు దేవుడు ఏం చేశాడు? నీ విశ్వాసం ఏమైందని గద్దించలేదు. ఇంకో అద్భుతం చేయమనలేదు, ఇశ్రాయేలు ముందు సాక్ష్యం చెప్పమనలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్ళు ఇచ్చాడు. తిన్న ఏలీయా మళ్ళీ పడుకున్నాడు. దూత మళ్ళీ వచ్చి మళ్ళీ తినమన్నాడు. ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పాడు. తన సేవకుడి బలం ఎంతో దేవునికి తెలుసు. అతను అలసిపోయాడని ఆయన సిగ్గుపడలేదు. ఆ చెట్టు కింద దేవుడు చేసిన పరిచర్య రొట్టె, నీళ్ళు, నిద్ర.

ఈ మాటలు చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నలుగుతున్నది నువ్వే అయితే ఈ భాగం నీ కోసం. అందరూ నీ ధైర్యాన్ని మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పును నిలబెట్టుకోవడమే ఇంకో భారమైపోయింది. ఏడవాలనిపించినా ఏడవలేని స్థితికి వచ్చావు. నీతో ఒక సంగతి చెప్పాలని నా ఆశ. ఈ వెలిగే జీవుల దగ్గరి బంధువులను 1950లలో వుడ్‌లాండ్ హేస్టింగ్స్, బియాట్రిస్ స్వీనీ అనే శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పరీక్షించారు. రాత్రీ పగలూ తేడా తెలియకుండా ఒకే మసక వెలుతురులో ఉంచినా, వెలిగే గంటలూ వెలగని గంటలూ వాటికి క్రమంగా వస్తూనే ఉన్నాయి. ఆ గడియారం వాటి లోపలే ఉంది. వెలగని వేళను కూడా సృష్టికర్తే వాటిలో పెట్టాడు. ఆ వేళలో అవి విఫలమైనట్టు కాదు. ఎండను తాగుతున్నాయి, బతుకుతున్నాయి, ఆయన చేతిలోనే ఉన్నాయి. నువ్వు కూడా ప్రతి కూడికలో వెలగనక్కరలేదు. ఈ వారం సాక్ష్యం చెప్పలేకపోతే చెప్పవద్దు. పాట రాకపోతే మౌనంగా కూర్చో. నీ కోసం ఇంకొకరు పాడతారు. నీ మెరుపును బట్టి ప్రభువు నిన్ను ప్రేమించలేదు. నువ్వు ఆయన కొనుక్కున్న బిడ్డవని ప్రేమించాడు. సహాయం కావాలని ఒక్క మనిషితో చెప్పు. నీకు అన్యాయం జరుగుతుంటే, నిన్ను ఎవరైనా కొడుతుంటే, దాన్ని శ్రమ అని పేరు పెట్టి మోయవద్దు. ఫిలిప్పీలో పౌలు నోరు తెరిచాడు. నువ్వూ తెరువు.

యెషయా చూసిన ప్రభువు సేవకుడు ఇలాంటివాడు. వీధుల్లో కేకలు వేసి తన బలం చాటుకోడు. నలిగిపోయిన రెల్లును తుంచడు. ఆరిపోబోతున్న వత్తిని ఊది ఆర్పడు. అదే ఊపిరిలో ప్రవక్త ఇంకో మాట కూడా అంటాడు. ఆ సేవకుడు లోకంలో న్యాయాన్ని స్థాపించేదాకా తాను నలగడు, మసకబారడు. మత్తయి తన సువార్త 12వ అధ్యాయంలో ఈ ప్రవచనం యేసులో నెరవేరిందని రాశాడు. తాకే విషయంలో ఆయన అంత మెత్తన, న్యాయం విషయంలో అంత గట్టి. రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గుంపులో తన వస్త్రాన్ని తాకినప్పుడు ఆయన ఆగాడు, ఆమె కథంతా చెప్పనిచ్చాడు, కుమారీ అని పిలిచాడు. ఆమె మీద పడుతున్న ఆ గుంపులో ఆమె కష్టం తెలిసి ఆగినవాడు ఆయనొక్కడే.

శ్రమపడుతున్న విశ్వాసిలో మనం చూసే వెలుగు నిజంగా ఆయనదే అయితే, ఆ విశ్వాసి దగ్గరికి మనం వెళ్ళే తీరు కూడా ఆయనదే అయి ఉండాలి. క్రీస్తు వెలుగును మెచ్చుకుని, క్రీస్తు మెత్తదనాన్ని వదిలేయడం కుదరదు. నలిగినవారి పాట విని ఆమేన్ అన్న నోటికి తోడు, నీళ్ళు తెచ్చే చేతులు కావాలి. అవసరమైన చోట, కొట్టినవారిని రమ్మని అడిగే ధైర్యం కావాలి.

ఈ రోజు చేయదగినవి

మీ ఇంట్లో గానీ సంఘంలో గానీ ఎవరి ఓర్పును మీరు తరచూ మెచ్చుకుంటారో వారి పేరు ప్రార్థనలో దేవుని ముందు పెట్టండి. మెచ్చుకోలు మాట ఒక్కటి కూడా చెప్పకుండా, వారి మీద ఉన్న పనిలో ఒక భాగాన్ని ఈ రోజే మీ మీదికి తీసుకోండి. వారు మాట్లాడాలనుకుంటే మీ సొంత కథ మధ్యలో తేకుండా చివరిదాకా వినండి. చీకట్లో ఆ నీళ్ళను చూడడానికి వెళ్ళినవారు తమ టార్చి ఆర్పుకుంటారు, అవతలి మనిషి బాధను చూడాలన్నా అదే మర్యాద. మీ వల్ల వారికి కలుగుతున్న ఒత్తిడి ఏదైనా మీ గమనానికి వస్తే, క్షమించమని అడిగి దాన్ని తీసివేయండి.

ప్రార్థన

మా తండ్రీ, ఏ మనిషీ చూడని లోతుల్లో కూడా వెలుగును పుట్టించిన దేవా, నీకు స్తోత్రం. కంటికి కనిపించనంత చిన్న జీవి మీద కూడా నీకు ఇంత శ్రద్ధ ఉందని తెలిసినప్పుడు, నలిగిన నీ బిడ్డల మీద నీ శ్రద్ధ ఎంతో మేము గ్రహిస్తున్నాం. శ్రమలో ఉండి కూడా నీ నామాన్ని ఘనపరుస్తున్న మా సహోదరీ సహోదరుల కోసం నీకు వందనాలు. ప్రభువా, వారి సాక్ష్యంతో బలం పొందుతున్న మేము వారికి బలం ఇచ్చేవాళ్ళం అయ్యేలా చెయ్యి. ఆ రాత్రి చెరసాల నాయకుడి చేతులకు ఇచ్చిన కనికరాన్ని మా చేతులకూ ఇవ్వు. మా మాటలు, మా అవసరాలు, మా ఆశలు ఎవరి మీద బరువై కూర్చున్నాయో మాకు చూపించు. అలసిపోయినవారికి ఏలీయాకు ఇచ్చినట్టు రొట్టెనూ నీళ్ళనూ నిద్రనూ ఇవ్వు, వాటిని మోసుకెళ్ళే పని మాకు అప్పగించు. అన్యాయం వల్ల నలుగుతున్నవారి పక్షాన నోరు తెరిచే ధైర్యం దయచెయ్యి. నలిగిన రెల్లును తుంచని నీ కుమారుడు, మా రక్షకుడు అయిన యేసుక్రీస్తు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.